ఎన్‌బీఏలో ఆల్‌టైమ్ గొప్ప డ్రాఫ్ట్ బ్యాచ్ ఏది? 84, 96, 03: లెక్కలతో రండి

బాక్స్‌స్కోర్ బాబాయ్:

ప్రతి జూన్‌లో డ్రాఫ్ట్ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజు) దగ్గర పడగానే ఈ గొడవ మొదలవుతుంది. జోర్డన్ అభిమానులు, కోబీ అభిమానులు, లెబ్రాన్ అభిమానులు ఒకరినొకరు తిట్టుకోవడంతో ముగుస్తుంది. ఇక్కడ అడుగుతున్నది ఒక్క ఆటగాడి గురించి కాదు, మొత్తం బ్యాచ్ గురించి. "అందరికన్నా గొప్పోడెవడు" అనే రచ్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

నా ఓటు 84కి, అంటే 1984లో డ్రాఫ్ట్ అయినవాళ్లకి. నా కొలత ఆల్ ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్, అంటే ఆ సీజన్ అత్యుత్తమ ఐదుగురి జాబితాలో ఎవరెన్నిసార్లు ఉన్నారన్నది. ఆల్‌స్టార్ (ఏటా స్టార్లతో ఆడించే ప్రదర్శన మ్యాచ్) లెక్క తీసుకోను, ఎందుకంటే అందులో జనం ఓట్లుంటాయి, ఒకడికి దెబ్బ తగిలితే ఇంకొకడు వెళ్తాడు, ఈస్ట్ (లీగ్‌లో తూర్పు సగం) డల్‌గా ఉన్న ఏడాది ఈస్ట్‌వాళ్లకి పండగ. ఫస్ట్ టీమ్‌లో లీగ్ మొత్తానికి ఏడాదికి ఐదుగురే.

84 బ్యాచ్: జోర్డన్ 10, హకీమ్ ఒలాజువాన్ 6, బార్క్లీ 5, స్టాక్టన్ 2. మొత్తం 23.
96 బ్యాచ్: కోబీ 11, ఐవర్సన్ 3, నాష్ 3. మొత్తం 17.
03 బ్యాచ్: లెబ్రాన్ 13, వేడ్ 2. మొత్తం 15.

దీనికి తోడు 1991 నుంచి 1998 దాకా వరసగా ఎనిమిది టైటిళ్లు, ఎనిమిది ఫైనల్స్ ఎంవీపీలు (అత్యంత విలువైన ఆటగాడి అవార్డులు) ఈ బ్యాచ్‌లో ఇద్దరే పంచుకున్నారు. జోర్డన్ బేస్‌బాల్ ఆడుకోవడానికి వెళ్లినా ట్రోఫీ బ్యాచ్ గడప దాటలేదు, హకీమ్ ఎత్తుకున్నాడు.

పదమూడో పిక్:

బాబాయ్, మీ కొలతే మీకు అనుకూలంగా ఉంది. అది బ్యాచ్ లెక్క కాదు, నలుగురి లెక్క. 96లో డ్రాఫ్ట్ అయినవాళ్లలో ఆల్‌స్టార్లు పది మంది: ఐవర్సన్, అబ్దుర్ రహీమ్, మార్బరీ, రే అలెన్, ఆంట్వాన్ వాకర్, కోబీ, పేజా స్టోయాకొవిచ్, నాష్, జెర్మైన్ ఓనీల్, ఇల్గౌస్కస్. 84లో ఏడుగురు, 03లో తొమ్మిది మంది. రెండో పిక్ (డ్రాఫ్ట్‌లో రెండో వంతులో ఎంపికైన) మార్కస్ క్యాంబీ ఒక్కసారీ ఆల్‌స్టార్ ఆడలేదు, కానీ 2007లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్. అంటే మీరు వద్దన్న ఆల్‌స్టార్ లెక్క మావాళ్లకీ కొంత అన్యాయమే చేస్తోంది.

లోతు అంటే ఏంటో ఒక్క ముక్కలో: 2004 ఎంవీపీ ఓటింగ్‌లో గార్నెట్, డంకన్ తర్వాత మూడు, నాలుగు, ఐదు స్థానాల్లో ఉన్నది జెర్మైన్ ఓనీల్, పేజా, కోబీ. డ్రాఫ్ట్‌లో వాళ్లు 17, 14, 13వ పిక్‌లు. 15వ పిక్ నాష్ ఆ తర్వాతి రెండేళ్లూ ఎంవీపీ కొట్టాడు. లాటరీలో (ప్లేఆఫ్స్‌కి రాని జట్లకి చీటీలతో ముందు పిక్‌లు పంచే పద్ధతి) 12 జట్లు పిక్ చేశాకా ఇంత సరుకు మిగిలిన డ్రాఫ్ట్ ఇంకోటి చూపించండి.

గ్లాస్ క్లీనర్:

ఆల్‌స్టార్ సంఖ్యలో ఇంకో చిక్కుంది. 1984లో లీగ్‌లో 23 జట్లు, 1996లో 29. జట్టుకొకడు చొప్పున స్టార్ అనుకున్నా, స్టార్ అనిపించుకునే కుర్చీలు పెరిగాయి. ఆల్‌స్టార్ బెర్తులు మాత్రం పెద్దగా పెరగలేదు కాబట్టి ఇది రెండు వైపులా కోస్తుంది. బాబాయ్ లెక్కకీ వర్తిస్తుంది: 23 జట్ల లీగ్‌లో ఐదుగురిలో ఒకడు కావడం, 30 జట్ల లీగ్‌లో ఐదుగురిలో ఒకడు కావడం ఒకటి కాదు.

బాక్స్‌స్కోర్ బాబాయ్:

ఒప్పుకోను. 84వాళ్లు ఎదుర్కొన్న పోటీ ఎవరు? 1991 దాకా గార్డ్ స్థానం మ్యాజిక్‌ది. స్టాక్టన్‌కి ఫస్ట్ టీమ్ రెండే సార్లు రావడానికి కారణం మ్యాజిక్, జోర్డన్ ఇద్దరూ ముందు కూర్చోవడం. స్టాక్టన్ వదిలిపోయిన 15,806 అసిస్ట్‌లు (స్కోర్‌కి దారితీసిన పాస్‌లు), 3,265 స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడాలు) ఇప్పటికీ రికార్డులే. హకీమ్ 3,830 బ్లాక్‌లు (షాట్ అడ్డుకోవడాలు) కూడా అంతే. ఒకే బ్యాచ్ చేతిలో మూడు కెరీర్ రికార్డులు.

హీట్ వేవ్ వరంగల్:

అన్నా, అవన్నీ సరే గానీ 03 గురించి ఒక్కలు మాట్లాడరేంది? కెరీర్ పాయింట్ల రికార్డు మా బ్యాచ్ దగ్గరున్నది. 2023 ఫిబ్రవరి 7న లెబ్రాన్, కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 దాటిండు, మరుసటి ఏడాది మార్చిల 40,000 దాటిండు. కార్మెలో ఆంథోనీ (మెలో) 28,289. మొదటి ఐదు పిక్‌లల్ల నలుగురు హాల్ ఆఫ్ ఫేమ్ (దిగ్గజాల గౌరవ జాబితా) సరుకు. బాష్ 2021ల, వేడ్ 2023ల, మెలో 2025ల ఆల్రెడీ పోయిండ్రు, లెబ్రాన్ ఇంకా ఆడుతుండు కాబట్టి ఆగింది.

ఇంకోటి, లీగ్ నడిచే తీరు మార్చింది ఈ బ్యాచే. 2006ల రూకీ (కొత్త ఆటగాడి) కాంట్రాక్ట్ పొడిగించేటప్పుడు లెబ్రాన్, వేడ్, బాష్ ముగ్గురూ పూర్తి అయిదేండ్లు తీసుకోలే. మూడేండ్లు, మీద ఒక ఏడాది ఆప్షన్. దాంతోటి ముగ్గురూ 2010 ఎండకాలం ఒకేసారి ఫ్రీ అయ్యిండ్రు, మయామీల కలిసిండ్రు, నాలుగేండ్లల్ల నాలుగు ఫైనల్స్, రెండు టైటిళ్లు. మెలో పొడుగు కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టిండు, 2010ల బయటికి రాలేకపోయిండు, 2011 ఫిబ్రవరిల డెన్వర్ ట్రేడ్ చేస్తే న్యూయార్క్ వోయిండు. ఒక్క సంతకం తేడా. తర్వాత వచ్చిన స్టార్లందరూ చిన్న కాంట్రాక్టులు, ఆప్షన్‌లు నేర్చుకున్నది వీళ్ల దగ్గర్నే.

పదమూడో పిక్:

లీగ్‌ని మార్చడం, గొప్ప బ్యాచ్ కావడం వేరు బ్రో. ఎంవీపీలు చూడు. 84లో ముగ్గురు వేర్వేరు ఆటగాళ్లు: జోర్డన్ 5, బార్క్లీ 1993, హకీమ్ 1994. 96లో కూడా ముగ్గురు: ఐవర్సన్ 2001, నాష్ 2005, 2006, కోబీ 2008. 03లో నాలుగు ఎంవీపీలూ ఒక్కడివే. లెబ్రాన్‌ని పక్కన పెట్టి చూస్తే 03 మంచి బ్యాచ్, అంతే.

హీట్ వేవ్ వరంగల్:

జోర్డన్‌ని పక్కన పెట్టి 84ని చూడు మరి.

పదమూడో పిక్:

చూశా. హకీమ్, బార్క్లీ, స్టాక్టన్ మిగిలారు. అయినా మీకన్నా ముందే ఉన్నారు. :)

చివరి బెంచ్ చిన్నా:

బెన్ వాలెస్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదేంటి? నాలుగు సార్లు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ (2002, 2003, 2005, 2006), హాల్ ఆఫ్ ఫేమ్. 96 డ్రాఫ్ట్‌లో 58 పిక్‌లలో ఒక్కరూ పేరు పిలవలేదు, ఆ శరదృతువులో వాషింగ్టన్ ఊరికే సంతకం చేయించుకుంది. ఆయన్ని కలిపితే 96 ఇంకో మెట్టు పైన.

గ్లాస్ క్లీనర్:

ఇక్కడ ఒక రూలు ముందే పెట్టుకోవాలి, లేకపోతే ఎవరికి కావలసినవాణ్ని వాళ్లు కలుపుకుంటారు. రెండు దారులున్నాయి.

మొదటిది, డ్రాఫ్ట్‌లో పేరు పిలిచినవాళ్లే బ్యాచ్. అప్పుడు వాలెస్ బయటికి. కానీ 84లో ఆరో రౌండ్, 131వ పిక్‌గా న్యూజెర్సీ తీసుకున్న బ్రెజిల్ షూటర్ ఆస్కర్ ష్మిట్ లోపలికి. ఆయన ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. అప్పటి రూల్ ప్రకారం ఎన్‌బీఏలో ఆడితే జాతీయ జట్టుకు ఆడే అర్హత పోయేది, అందుకే వెళ్లలేదు. అయినా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఆ లెక్కన 84కి హాల్ ఆఫ్ ఫేమర్లు ఐదుగురు.

రెండోది, ఆ ఏడాది లీగ్‌లో అడుగుపెట్టిన రూకీలే బ్యాచ్. అప్పుడు వాలెస్ లోపలికి, ష్మిట్ బయటికి. కానీ 96లో డ్రాఫ్ట్ అయిన పేజా 1998 దాకా గ్రీస్‌లోనే ఆడాడు, ఇల్గౌస్కస్ పాదం విరిగి మొదటి సీజన్ మొత్తం కూర్చున్నాడు. వాళ్లిద్దర్నీ 96 ఖాతాలోంచి తీసేస్తారా? వాలెస్ ఒక్కడి కోసం ఇద్దరు ఆల్‌స్టార్లను పోగొట్టుకోవడం 96కే నష్టం. అందుకే నేను మొదటి దారే వాడతా.

పదమూడో పిక్:

ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ ఆడనివాణ్ని కలుపుకుంటే పదో రౌండ్‌లో చికాగో పిలిచిన పరుగుల వీరుడు కార్ల్ లూయిస్ ఒలింపిక్ పతకాలు కూడా 84 ఖాతాలో వేసుకోండి ఇక.

బాక్స్‌స్కోర్ బాబాయ్:

వేసుకుంటాం, మాకేం అభ్యంతరం లేదు. ఆ ఏడాది పది రౌండ్లు, 228 పిక్‌లు, అందులో సగం పేర్లు సరదాకే. నిజానికి ఏ డ్రాఫ్ట్‌లో అయినా తోకకి విలువ సున్నా. మన సత్నామ్ సింగ్‌ని 2015లో డాలస్ 52వ పిక్‌గా తీసుకుంది, ఇండియాలో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు, కానీ ఎన్‌బీఏ కోర్టు మీద ఒక్క నిమిషం దొరకలేదు. పేరు పిలవడం వేరు, ఆడటం వేరు. ష్మిట్‌ని నేను బోనస్‌గానే చూస్తా, నా 23 లెక్కలో ఆయన లేడు.

ట్రేడ్ డెడ్‌లైన్:

మూడు బ్యాచ్‌లనీ విడివిడిగా చూస్తున్నారు గానీ, ఇవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. 03లో రెండో పిక్ డెట్రాయిట్ చేతికి ఎలా వచ్చింది? 1997లో డెట్రాయిట్ ఓటిస్ థోర్ప్‌ని వాంకూవర్‌కి ఇచ్చి, బదులుగా షరతులున్న ఒక ఫస్ట్ రౌండ్ పిక్ తీసుకుంది. ఏటేటా షరతు సడలుతూ 2003కి వచ్చేసరికి ఒక్కటే మిగిలింది: నంబర్ వన్ వస్తేనే పిక్‌ని వాంకూవర్ తన దగ్గర ఉంచుకోవచ్చు. జట్టు అప్పటికి మెంఫిస్ మారింది. లాటరీలో రెండో నంబర్ వచ్చింది. ఇంకొక్క మెట్టు ఎక్కితే లెబ్రాన్, ఎక్కలేదు కాబట్టి పిక్కే పోయింది. ఆ ఓటిస్ థోర్ప్ 84 బ్యాచ్, తొమ్మిదో పిక్.

డెట్రాయిట్ దగ్గర అప్పటికే స్మాల్ ఫార్వర్డ్‌గా టేషాన్ ప్రిన్స్ ఉన్నాడని మెలోని వదిలి డార్కో మిలిచిచ్‌ని తీసుకుంది. మరుసటి ఏడాది 96 బ్యాచ్ వాలెస్ సెంటర్‌గా, 96 బ్యాచ్ కోబీ ఉన్న లేకర్స్‌ని 4-1తో ఓడించి టైటిల్ కొట్టింది. కాబట్టి 03 బ్యాచ్‌లో అందరికన్నా ముందు ఉంగరం తొడుక్కున్నది లెబ్రానూ కాదు వేడూ కాదు, డార్కో.

మెంఫిస్‌లో ఆ పిక్ పోగొట్టుకున్న మేనేజర్ జెర్రీ వెస్ట్. 1996లో లేకర్స్ తరఫున కోబీని రాబట్టింది కూడా ఆయనే. ఆటగాడిగా 1960 డ్రాఫ్ట్, ఆస్కర్ రాబర్ట్‌సన్ వెనకే రెండో పిక్.

చివరి బెంచ్ చిన్నా:

కోబీని షార్లట్ ఎందుకు వదులుకుంది? ఈ ఒక్కటీ సరిగ్గా ఎవరైనా చెప్పండి.

ట్రేడ్ డెడ్‌లైన్:

వదులుకోలేదు, డ్రాఫ్ట్‌కి ముందే బేరం కుదిరింది. లేకర్స్‌కి రెండు పనులు ఒకే దెబ్బకి కావాలి: షాకిల్ ఓనీల్‌కి (షాక్) ఇవ్వడానికి శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల పరిమితి) ఖాళీ, భవిష్యత్తుకి ఒక గార్డ్. వ్లాదె డివాట్స్ జీతం బయటికి పోతే మొదటిది తీరుతుంది. షార్లట్‌కి సెంటర్ కావాలి. కాబట్టి 13వ పిక్‌లో లేకర్స్ చెప్పిన పేరు పిలిచి, డివాట్స్‌కి బదులుగా పంపింది. మధ్యలో డివాట్స్ రిటైర్ అయిపోతానని బెదిరించడంతో బేరం దాదాపు చెడింది. జూలైలో ట్రేడ్ పూర్తయింది, అదే నెలలో షాక్ సంతకం పెట్టాడు. అసలు అడగాల్సింది ఎనిమిదో పిక్ న్యూజెర్సీని. కోబీ అందుబాటులో ఉన్నా కెర్రీ కిటిల్స్‌ని తీసుకున్నారు.

న్యూజెర్సీ గురించి ఇంకోటి. 03లో 51వ పిక్ కైల్ కార్వర్‌ని పిలిచి, నగదు తీసుకుని ఫిలడెల్ఫియాకి అమ్మేసింది. ఆ డబ్బుతో సమ్మర్ లీగ్ ఖర్చు తీర్చి, మిగిలినదానితో జిరాక్స్ మిషన్ కొన్నారు. కార్వర్ తర్వాత ఆల్‌స్టార్ అయ్యాడు. అమ్మిన మేనేజర్ రాడ్ థోర్న్, 1984లో చికాగో తరఫున జోర్డన్‌ని తీసుకున్నదీ ఆయనే.

గ్లాస్ క్లీనర్:

84 అనగానే పోర్ట్‌లాండ్ జోర్డన్‌ని వదిలి రెండో పిక్‌గా శామ్ బౌవీని తీసుకుందన్న జోకులు వస్తాయి కాబట్టి ముందే రాస్తున్నా. ఆ రెండో పిక్ ఇండియానాది, 1981లో టామ్ ఓవెన్స్ అనే సెంటర్‌ని ఇచ్చి పోర్ట్‌లాండ్ సంపాదించింది. అప్పట్లో లాటరీ లేదు, రెండు కాన్ఫరెన్సుల్లో అట్టడుగు జట్ల మధ్య నాణెం ఎగరేసేవారు. హ్యూస్టన్ గెలిచి హకీమ్‌ని తీసుకుంది. పోర్ట్‌లాండ్‌కి షూటింగ్ గార్డ్‌గా ముందేడాదే క్లైడ్ డ్రెక్స్‌లర్ వచ్చాడు, సెంటర్ లేడు. ఆ రోజుల్లో సెంటర్ లేకుండా టైటిల్ అనేది లేదు. అంతవరకు లాజిక్ బాగానే ఉంది. తప్పు జరిగింది ఎముక దగ్గర. కాలేజీలో టిబియా (మోకాలి కింది ఎముక) విరగడం వల్ల బౌవీ రెండు సీజన్లు ఆడలేదు. పోర్ట్‌లాండ్‌లో మొదటి ఏడాది 76 మ్యాచ్‌లు బాగానే ఆడాడు, ఆ తర్వాత వరసగా 38, 5, 0, 20. దెబ్బతిన్న ఎముకని తెలిసి తీసుకున్నారు, అదీ పొరపాటు. జోర్డన్‌ని గుర్తించకపోవడం కాదు.

హ్యూస్టన్‌కి వరసగా రెండేళ్లు (83లో శాంప్సన్, 84లో హకీమ్) మొదటి పిక్ రావడంతో కావాలని ఓడిపోతున్నారన్న గోల లేచి, 1985 నుంచి లాటరీ పెట్టారు.

కిట్టూ ఫ్రమ్ కాకినాడ:

నాకు ఇష్టమైన ఆట: మూడు బ్యాచ్‌లతో మూడు జట్లు కడదాం. అప్పుడు తెలుస్తుంది ఎవరి దగ్గర ఏ పొజిషన్ ఖాళీయో.

84: స్టాక్టన్, జోర్డన్, జెరోమ్ కెర్సీ, బార్క్లీ, హకీమ్. బెంచ్ మీద ఆల్విన్ రాబర్ట్‌సన్, థోర్ప్, కెవిన్ విల్లిస్, శామ్ పెర్కిన్స్.
96: నాష్, రే అలెన్, కోబీ, జెర్మైన్ ఓనీల్, క్యాంబీ. బెంచ్ మీద ఐవర్సన్, పేజా, మార్బరీ, ఆంట్వాన్ వాకర్, ఇల్గౌస్కస్, ఫిషర్.
03: హిన్రిక్, వేడ్, లెబ్రాన్, మెలో, బాష్. బెంచ్ మీద డేవిడ్ వెస్ట్, కార్వర్, జాష్ హోవర్డ్, బోరిస్ డియావ్, కామన్.

03కి అసలైన పాయింట్ గార్డ్ లేడు. లెబ్రానే బంతి తెచ్చుకుంటాడు కాబట్టి సర్దుకోవచ్చు. రిమ్ (బుట్ట అంచు) కాపాడే సెంటర్ లేకపోవడం మాత్రం సర్దుకోలేని లోటు. 84కి స్మాల్ ఫార్వర్డ్ బలహీనం, అంతకన్నా పెద్ద ఇబ్బంది షూటింగ్: కెరీర్ త్రీ పాయింట్ శాతం జోర్డన్ 32.7, బార్క్లీ 26.6. అటువైపు నాష్ 42.8, పేజా 40.1, అలెన్ 40.0. ఇల్గౌస్కస్ లోపలికి వచ్చి 18 అడుగుల దగ్గర నిలబడ్డాడంటే హకీమ్ రిమ్ వదిలి బయటికి రావాలి, కోబీకి దారి ఖాళీ.

బాక్స్‌స్కోర్ బాబాయ్:

ఏ రూల్స్‌తో ఆడిస్తావు కిట్టూ? అది చెప్పకుండా జట్లు కడితే లాభం లేదు. 2001కి ముందు జోన్ డిఫెన్స్ (ఆటగాణ్ని కాక కోర్టులో ఒక ప్రాంతాన్ని కాచే పద్ధతి) నిషేధం, అప్పుడు హకీమ్‌ని పోస్ట్‌లో (బుట్ట దగ్గర) ఒక్కడితోనే కాయాలి. నీ దగ్గర క్యాంబీ ఉన్నాడు, రాత్రంతా ఫౌల్స్ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. 2004 తర్వాత అయితే బుట్టకి దూరంగా బంతితో ఆడేవాడి మీద చేయి వేస్తే ఫౌల్. నాష్ రెండు ఎంవీపీలూ ఆ రూల్ బిగించిన వెంటనే వచ్చినవే. కానీ అదే రూల్‌తో జోర్డన్‌ని ఎవరు ఆపుతారు? పైగా 84 బెంచ్ మీద ఉన్న రాబర్ట్‌సన్ ఒక సీజన్‌లో 301 స్టీల్స్ కొట్టినవాడు, 1986లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్. లీగ్ చరిత్రలో నమోదైన క్వాడ్రపుల్ డబుల్స్ (ఒకే మ్యాచ్‌లో నాలుగు విభాగాల్లో పది లేదా అంతకన్నా ఎక్కువ) నాలుగే, అందులో రెండు ఈ బ్యాచ్‌వి: రాబర్ట్‌సన్ 1986, హకీమ్ 1990.

కిట్టూ ఫ్రమ్ కాకినాడ:

సగం మ్యాచ్‌లు పాత రూల్స్, సగం కొత్త రూల్స్. ఏడు మ్యాచ్‌ల సిరీస్. మొదటి ఐదుగురు ఆడినంతసేపు 84, బెంచ్ దిగగానే 96. ఆరో ఆటగాడుగా ఐవర్సన్ వస్తాడు సార్!

ట్రేడ్ డెడ్‌లైన్:

96 ఇంత లోతుగా ఉండటానికి కారణం అదృష్టం ఒక్కటే కాదు. లీగ్, ఆటగాళ్ల మధ్య 1995 ఒప్పందంతో రూకీ జీతాల స్కేల్ వచ్చింది, ఫస్ట్ రౌండ్ కాంట్రాక్ట్ మూడేళ్లే. మొదటి కాంట్రాక్ట్‌లో పెద్ద డబ్బు లేదు కాబట్టి, ఆ మూడేళ్ల గడియారం ఎంత తొందరగా మొదలైతే రెండో కాంట్రాక్ట్ అంత తొందరగా వస్తుంది. దాంతో రావాల్సినదానికన్నా ముందే వచ్చేశారు. మార్బరీ, అబ్దుర్ రహీమ్ కాలేజీలో ఒక్క ఏడాది, ఐవర్సన్ రెండేళ్లు, కోబీ, జెర్మైన్ నేరుగా హైస్కూల్ నుంచి. పాత పద్ధతిలో అయితే వీళ్లలో కొందరు 97, 98 డ్రాఫ్ట్‌లలో ఉండేవాళ్లు. అంటే 96 బ్యాచ్ పక్క బ్యాచ్‌ల నుంచి కూడా కొంత లాక్కుంది.

పాతకాలపు పరంధామయ్య:

85ని మరీ పక్కన పెట్టేశారు. యూయింగ్, ముల్లిన్, కార్ల్ మలోన్ (13వ పిక్, రెండు ఎంవీపీలు), జో డ్యూమార్స్ (18), టెర్రీ పోర్టర్, ష్రెంఫ్, ఓక్లీ. 1992 ఒలింపిక్స్ డ్రీమ్ టీమ్‌లో (అమెరికా జట్టు) 84 వాళ్లు ముగ్గురుంటే 85 వాళ్లూ ముగ్గురే. 1970 అయితే లేనియర్, మారవిచ్, కోవెన్స్, టామ్యానోవిచ్, కాల్విన్ మర్ఫీ, టైనీ ఆర్చిబాల్డ్. ఆర్చిబాల్డ్ 19వ పిక్, 1972-73లో పాయింట్లు, అసిస్ట్‌లు రెండింటిలోనూ లీగ్‌లో మొదటివాడు. ఆ ఘనత ఇంకెవరూ ఒకే సీజన్‌లో సాధించలేదు.

గ్లాస్ క్లీనర్:

పరంధామయ్య గారూ, 85 మంచి బ్యాచే, టైటిల్ గెలిచిన జట్టుకి మొదటి స్టార్‌గా నిలిచినవాడు మాత్రం అందులో లేడు. 70లో కొందరు ఏబీఏకి (అప్పటి పోటీ లీగ్) వెళ్లిపోవడంతో పోలిక కష్టం.

చివరి బెంచ్ చిన్నా:

2018 గురించి మాట్లాడటం తొందరపాటా? డాన్చిచ్, షే గిల్జస్ అలెగ్జాండర్, జేలెన్ బ్రన్సన్ (33వ పిక్), ట్రే యంగ్, జారెన్ జాక్సన్...

గ్లాస్ క్లీనర్:

తొందరపాటే, కానీ కొలవడానికి వీలుంది. బాబాయ్ ఫస్ట్ టీమ్ కొలతనే తీసుకుని మొదటి ఏడు సీజన్లకే ఆపేశా. 84 బ్యాచ్ (1991 దాకా): జోర్డన్ 5, బార్క్లీ 4, హకీమ్ 3, మొత్తం 12. 96 బ్యాచ్ (2003 దాకా): కోబీ 2, ఐవర్సన్ 2, మొత్తం 4. 03 బ్యాచ్ (2010 దాకా): లెబ్రాన్ 4, వేడ్ 2, మొత్తం 6. 2018 బ్యాచ్ (2025 దాకా): డాన్చిచ్ 5, షే 3, మొత్తం 8.

పదమూడో పిక్:

ఇది అన్యాయం. జోర్డన్, హకీమ్, బార్క్లీ మూడేళ్లు కాలేజీలో ఆడి 21 ఏళ్లకి వచ్చారు. కోబీ 18కి వచ్చాడు. సీజన్లు కాదు, వయసు పెట్టు. 28 ఏళ్ల వయసులో ముగిసిన సీజన్ దాకా లెక్కేస్తే జోర్డన్ 5, కోబీ కూడా 5.

హీట్ వేవ్ వరంగల్:

లెబ్రాన్ 7. ఊకే చెప్తున్న.

బాక్స్‌స్కోర్ బాబాయ్:

మళ్లీ ఒక్కొక్కణ్నే లాక్కొస్తున్నారు, బ్యాచ్ మొత్తానికి చేయండి అదే 28 లెక్క. 84 అప్పుడూ 12. 96 కోబీ 5, ఐవర్సన్ 2 కలిపి 7. 03 లెబ్రాన్ 7, వేడ్ 2 కలిపి 9. డాన్చిచ్, షే ఇద్దరికీ 2025 సీజన్ ముగిసేనాటికి 26 ఏళ్లే, అప్పటికే 8. పదమూడో పిక్ తమ్ముడూ, వయసు పెట్టమన్నది నువ్వే.